కోరింత దగ్గు, మూడు సూదులు

మా చెల్లెలు ఒక్కసారి కూడా దగ్గలేదు. అందుకే దాన్ని తీసుకుపోయింది కోరింత దగ్గేనని మా ఊళ్లో ఎవరూ ఒప్పుకోలేదు.

సగిలేటి పక్కన, బద్వేలుకు పూటంత నడక దూరంలో ఉన్న ఊరు మాది. ఊరికి ఎడంగా, బాట దిగువన మా పేట. మా తాతల కాలంలోనే మావాళ్లు కిరస్తానం పుచ్చుకున్నారు. రెండెకరాల గరుసు నేల ఉండేది. వాన పడితే కొర్రలు పండేవి, పడకపోతే ఏమీ లేదు. మిగతా రోజుల్లో అమ్మా నాయనా రెడ్డి చేలల్లో కూలికి పోయేవాళ్లు. నాకు పదేళ్లు. నా తర్వాత నాలుగేళ్ల తమ్ముడు, వాడి తర్వాత రెండు నెలల ఈ పాప. ఐదారు ఊళ్లకు కలిపి ఒకే పాస్టరు. ఆయన వచ్చినప్పుడు బాప్తిస్మమిచ్చి పేరు పెడతాడని ఎదురుచూస్తున్నాం కాబట్టి ఇంకా దాన్ని పాప అనే పిలుస్తున్నాం.

ఆ వేసవి దగ్గు మొదట మా తమ్ముడికి వచ్చింది. పది రోజులు మామూలు జలుబులాగే ఉండింది. తర్వాత ఒక దగ్గు మీద ఒక దగ్గు, మధ్యలో ఊపిరి తీసుకునే సందు లేకుండా, ఇరవై దాకా వచ్చేవి. ముఖం నల్లబడేది, నాలుక బయటికి వేలాడేది, చివర్లో గొంతులోంచి కూతలాగా ఒక శబ్దం వచ్చి గాలి లోపలికి పోయేది. వెంటనే తిన్నదంతా కక్కుకునేవాడు. కళ్లల్లో తెల్లగుడ్డు మొత్తం నెత్తురుతో ఎర్రబడింది. అంత ఎర్రని కళ్లు నేను మళ్లీ నర్సునైన తర్వాతే చూసినాను.

పాపకు ఆ కూత లేదు, దగ్గు లేదు. ఒకరోజు పొద్దున అమ్మ సంగటి కెలుకుతోంది, నేను పాపను ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాను. ఉన్నట్టుండి అది ఊపిరి తీసుకోవడం మానేసింది. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగినాయి. అమ్మ తెడ్డు పారేసి వచ్చి వీపు చరిస్తే ఉలిక్కిపడి మళ్లీ ఊపిరి తీసుకుంది. ఆ పొద్దు అట్లా మూడుసార్లు జరిగింది. నాలుగోసారి ఎంత చరిచినా తీసుకోలేదు. పేటలో ఆడవాళ్లు గాలి సోకిందన్నారు, దిష్టి అన్నారు, ఎవరో పాల మీద కన్ను వేసినారన్నారు. పక్కన బోదగడ్డి మీద మా తమ్ముడు దగ్గుతూనే ఉన్నాడు. ఈ దగ్గుకూ ఆ చావుకూ సంబంధం ఉందని ఒక్కరికీ తోచలేదు.

పాపను పూడ్చి వచ్చిన తర్వాత అందరి చూపూ తమ్ముడి మీద పడింది. గాడిద పాలు తెచ్చి పోసినారు. మెడకు తాయెత్తు కట్టినారు. మా పేటలో ఒక ముసలామె ఇనుప గాజు ముక్కను నిప్పుల్లో కాల్చి వాడి బొడ్డు పైన వాత పెట్టింది. అప్పుడు వాడు ఏడ్చిన ఏడుపుకు దగ్గు ఇంకా ఎక్కువై స్పృహ తప్పినాడు. మూడోరోజు ఆమె మళ్లీ వచ్చింది, ఈసారి ఎదురురొమ్ము మీద పెట్టాలని. అమ్మ గడపకు అడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చుంది. ఒకరి మాట కాదని ఎరగని మనిషి మా అమ్మ. ఆ ముసలామె కాన్పు చేస్తేనే నేనూ తమ్ముడూ పుట్టినాం.

"నా బిడ్డ ఒంట్లో ఇంక కాల్చేదానికి చోటు లేదు. నువ్వు పో," అనింది అమ్మ.

ముసలామె తిట్టింది. బిడ్డ పోతే నీదే పాపం అనింది. అమ్మ కాళ్లు తీయలేదు.

ఆ వారంలోనే తమ్ముడికి ఫిట్స్ వచ్చినాయి. ఒకదాని తర్వాత ఒకటిగా ఒక పగలంతా వచ్చినాయి. నాయన రెడ్డిగారి బండి అడిగినాడు. చేలో పని ఉందని ఇవ్వలేదు. నాయన తమ్ముణ్ణి దుప్పట్లో కట్టి భుజానికి వేసుకున్నాడు, అమ్మ నీళ్ల చెంబు పట్టుకుంది, నేను వెనకాల. రెండు రోజులు నడిచి మిషను ఆసుపత్రికి పోయినాం. దారిలో వాడు దగ్గినప్పుడల్లా నాయన ఆగి, కిందికి దించి, వాడి తల పక్కకు తిప్పి పట్టుకునేవాడు. అట్లా పట్టుకోవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆసుపత్రిలో డాక్టరు ఈ దగ్గును ఆపే మందు తన దగ్గర లేదని ఉన్నమాట చెప్పినాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని, మెదడుకు గాలి అందక ఫిట్స్ వచ్చినాయని చెప్పినాడు. అమ్మ పాప సంగతి చెప్పింది. చిన్న పసిబిడ్డల్లో ఈ జబ్బు దగ్గుగా కనిపించకపోవచ్చనీ, ఊరికే ఊపిరి ఆగిపోతుందనీ చెప్పినాడు. అమ్మ ఆ రోజు ఏడ్చినంతగా పాపను పూడ్చినరోజు కూడా ఏడవలేదు. గాలీ కాదు, దిష్టీ కాదు, ఎవరి కన్నూ కాదు. చంపినదాని పేరు తెలిసింది.

ఆసుపత్రిలో మా యాసలో మాట్లాడే ఒక నర్సు ఉండేది. తమ్ముడు దగ్గి కక్కుకున్న వెంటనే, దగ్గు మళ్లీ రాకముందే, రెండు చెంచాల గంజి పట్టించేది. అంత చిన్న ఉపాయం. దానితోనే వాడు బతికినాడు. నేను ఆమె వెనకాలే తిరిగేదాన్ని. నాకు చదువు చెప్పించమని నేను నాయన్ను అడిగింది ఆ వరండాలోనే.

తమ్ముడు బతికి ఇంటికొచ్చినాడు గానీ మాటలు పోయినాయి. అంతకుముందు కొంగలన్నీ లెక్కపెట్టి చెప్పేవాడు, పాటలు పాడేవాడు. తర్వాత అమ్మ అన్న మాట తప్ప ఏమీ మిగల్లేదు. కుడిచెయ్యి లాగేసి ముడుచుకుపోయింది. పేటలో వాణ్ణి పిచ్చోడు అంటే అమ్మ ఆ మనిషితో జన్మలో మాట్లాడేది కాదు. పెద్దవాడై మేకలు మేపినాడు. ఒక్క మేకను కూడా పోగొట్టలేదు.

నేను మిషను బడిలో చదివి నర్సు పని నేర్చుకున్నాను. పదకొండేళ్లు ఆసుపత్రిలో పనిచేసి, మా ఊరి మిషను బడిలో పంతులుగా ఉన్న ఆయన్ను పెళ్లి చేసుకుని మళ్లీ మా పేటకే వచ్చినాను. ఆ పదకొండేళ్లలో కోరింత దగ్గు బిడ్డలను ఎంతమందిని చూసినానో. దగ్గి దగ్గి ముక్కులోంచి నెత్తురు కారేవాళ్లు, నాలుక కింద పళ్లు గీరుకుని పుండు పడినవాళ్లు, డొక్కలు ఎగరేస్తూ వచ్చినవాళ్లు, ఏమీ తినక తోలు వేలాడేవాళ్లు. మశూచికి టీకా ఉండింది. ఏటా టీకాలాయన సైకిలు మీద వచ్చి జబ్బలకు గీసిపోయేవాడు. దీనికి మాత్రం ఏమీ లేదని నేను చెప్తూనే ఉన్నాను, నా చిన్నప్పుడు డాక్టరు మాకు చెప్పినట్టే.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, సెలవు మీద తన దేశం పోయిన మా ఆసుపత్రి దొరసాని డాక్టరమ్మ తిరిగొచ్చింది. నన్ను పిలిపించి కిరసనాయిలు ఫ్రిజ్జు తెరిచి చిన్న సీసాలు చూపింది. బియ్యం కడిగిన నీళ్లలాగా ఉండింది లోపల. అడుగున తెల్లగా పేరుకున్నది కదిలిస్తే పైకి లేచింది. ఈ దగ్గు పుట్టించే పురుగులనే చంపి నీళ్లలో కలిపినారని, నెలకొకటి చొప్పున మూడు సూదులు వేయాలని చెప్పింది. నేను మొట్టమొదట అడిగింది, ఇది వేస్తే దగ్గు రాదా అని.

"కొందరికి వస్తుంది. వచ్చినా చంపదు. చాలామందికి రానే రాదు. ఇంతకంటే ఎక్కువ చెప్తే అబద్ధమవుతుంది," అనింది ఆమె.

ఆ మాటకే నాకు ఆ మందు మీద నమ్మకం కుదిరింది. మా ఊరికి కావాలన్నాను. తల్లులను మూడుసార్లూ రప్పించగలిగితే ఇస్తానని ఆమె షరతు పెట్టింది. రప్పిస్తానన్నాను.

ఎండకు ఆ మందు చెడిపోతుంది. కొత్త కుండలో తడి ఇసుక పోసి, సీసాలు అందులో పూడ్చి, కుండకు తడి గోనెపట్టా చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. బస్సు దిగినాక రెండు క్రోసుల నడక. దారి పొడుగునా పట్టా ఆరకుండా నీళ్లు చల్లుతూ తెచ్చేదాన్ని. నీళ్ల చెంబు వెంట ఉన్నా నా గొంతు ఎండిపోయేది, అవి కుండకని తాగేదాన్ని కాదు. సూదుల మొన ఆకురాయి మీద సానపెట్టి, గిన్నెలో ఉడకబెట్టేదాన్ని.

మొదట మా కూతురికి వేసినాను. దానికి అప్పుడు ఐదు నెలలు. పేట ఆడవాళ్లందరినీ మా గుడి ముందు, అంటే మా ప్రార్థనలు జరిగే కొట్టం ముందు, కూర్చోబెట్టి అందరూ చూస్తుండగా దాని తొడలో సూది గుచ్చినాను. అది గుక్కపట్టి ఏడ్చింది. మా చిన్నమ్మ కూతురు, నాకు చెల్లెలి వరస, తన ఏడాది కొడుకును తెచ్చి తర్వాత వీడికే వేయమనింది. ఆ పొద్దు పదకొండుమంది బిడ్డలకు వేసినాను. నేను దాచకుండా అన్నీ చెప్పినాను: తొడ వాస్తుంది, ఒకటి రెండు రోజులు జ్వరం ఉంటుంది, ఏడుస్తారు.

చెప్పినట్టే అయింది. చెనిక్కాయలు పెరికే కాలమది. పదకొండు ఇళ్లల్లో జ్వరం బిడ్డలను పెట్టుకుని ఆడవాళ్లు రెండు రోజులు రెడ్డి చేలకు పోలేదు. మూడోరోజు రెడ్డి నన్ను రమ్మని కబురు పంపినాడు.

ఆ రెడ్డి, మా నాయనకు బండి ఇవ్వని ఆయన కొడుకు. ఊరి పెత్తనం ఇప్పుడు ఈయనది. మా పేటవాళ్లు ఆ వీధిలో చెప్పులు చేత పట్టుకుని నడిచేవాళ్లు. నేను ఆసుపత్రి తెల్లచీర కట్టుకుని, చెప్పులు కాళ్లకే ఉంచుకుని పోయినాను. అరుగు మీద ఆయనతో ఇంకో నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. నా కాళ్లకేసి అందరూ చూసినారు. నేను అరుగు కింద నిలబడినాను.

బిడ్డలకు లేని జ్వరాలు తెప్పిస్తున్నానని ఆయన అన్నాడు. దొరసాని చచ్చే బిడ్డలను లెక్క రాసుకునేదానికి మందు పంపిందంటున్నారని అన్నాడు. దేవుడిచ్చిన దగ్గు వస్తుంది పోతుంది, దానికి సూదులేంటని అన్నాడు. ఇంక ఆ పని మానేయమన్నాడు.

"మాకందరికీ వచ్చిందే కదమ్మే ఆ దగ్గు. మేమంతా బతికి లేమా?" అన్నాడు.

"బతికినోళ్లు కాబట్టి మీరు ఈడ కూచోని చెప్తాండారయ్యా. మా చెల్లెలు ఊళ్లోనే ఉండాది, మట్టి కింద. ఆయమ్మి వచ్చి చెప్పలేదు," అన్నాను.

ఆయన ముఖం మారింది. నీ తమ్ముడు బతికినాడు కదా అన్నాడు. అప్పుడు నేను చేసిన పని చెప్తాను. తమ్ముడు ఆ బాట వెంబడి మేకలు తోలుకుపోతున్నాడు. వాణ్ణి కేకేసి పిలిచి, వాడి లాగేసిన చెయ్యి పట్టుకుని పైకెత్తి, ఇదీ బతకడమేనా అని అడిగినాను. తమ్ముడు నన్ను చూసి నవ్వుతున్నాడు, ఎందుకు పిలిచినానో తెలియక. పెద్దమనుషులు చూపులు తిప్పుకున్నారు. నేను గెలిచినట్టే వెనక్కి తిరిగి నడిచినాను.

ఇంటికి పోయేసరికి అమ్మకు సంగతి తెలిసిపోయింది. ఆమె నా మీద అంత కోపంగా మాట్లాడింది ఆ ఒక్కసారే.

"నీ మాట నువ్వు చెప్పుకో. నా కొడుకును అంగట్లో వస్తువు మాదిరి ఎత్తి చూపేదానికి నీకేం హక్కు ఉండాది?"

నేను తలదించుకున్నాను. ఆ పని మళ్లీ ఎప్పుడూ చేయలేదు. రెడ్డి ముందు నిలబడినందుకు మాత్రం తలదించుకోలేదు.

రెడ్డి మాట పేటలోకి వేరే రకంగా వచ్చింది. సూది వేయించుకున్న బిడ్డల తల్లులను చెనిక్కాయల పనికి పిలవరని. నెల తిరిగి నేను కుండ తెచ్చేసరికి పదకొండుమందిలో ఆరుగురే వచ్చినారు. మా చిన్నమ్మ కూతురు రాలేదు. నేను వాళ్లింటికి పోయినాను. ఆమె తలుపు దగ్గరే నిలబడి, ఒకటి వేసినావు కదక్కా, అది చాలదా అని అడిగింది. చాలదని చెప్పినాను. పనికి పోకపోతే ఏం తినాలో చెప్పమనింది. నా మొగుడికి పంతులు పని, ఇంట్లో నూకలుంటాయి. ఆమెకు చేలే దిక్కు. బతిమాలి వచ్చేసినాను.

ఆ పొద్దే మిట్టమధ్యాహ్నం రెడ్డి చిన్నకోడలు మా పేటలోకి నడిచి వచ్చింది. చంకలో ఆరు నెలల ఆడపిల్ల. వెంట ఎవరూ లేరు. రెడ్ల ఇంటి ఆడవాళ్లు మా పేట బాట తొక్కడం మేమెవరమూ ఎప్పుడూ చూడలేదు. ఆడవాళ్లంతా గబుక్కున లేచి గోడవారకు జరిగినారు. ఆమె తిన్నగా మా గుడి కొట్టం ముందుకొచ్చి నా ఎదురుగా నిలబడింది. కోయిలకుంట్ల దగ్గర పుట్టినిల్లనీ, మొదటి బిడ్డను పోయిన ఏడు అక్కడే ఈ దగ్గుకు పోగొట్టుకున్నాననీ చెప్పింది. ఆ బిడ్డ కళ్లు కూడా నెత్తురులాగా ఎర్రబడినాయనింది.

నాకు భయమేసింది, దాచడమెందుకు. ఈ బిడ్డకు జ్వరమొస్తే, అంతకుమించి ఏదన్నా అయితే, పేట మొత్తం దానికి బాధ్యత మోయాల్సి వస్తుంది. మీ అత్తగారికి తెలుసా అని అడిగినాను. తెలియదనింది. మీ ఇంటి బిడ్డను నేను ముట్టుకుంటే ఏమవుతుందో మీకు తెలుసు కదమ్మా అన్నాను.

"ముట్టుకోకుండా సూది ఎట్ల వేస్తావు?" అనింది ఆమె. "ముట్టుకో."

అని బిడ్డను నా చేతుల్లో పెట్టేసింది. నేను సీసా కదిలించి, మందు లాగి, ఆ చిన్న తొడ తుడిచి సూది వేసినాను. బిడ్డ ఏడుస్తుంటే ఆమె అక్కడే, మా ఆడవాళ్ల మధ్యన, నేల మీద కూర్చుని పాలిచ్చింది. మా అమ్మ ముంతతో నీళ్లు తెచ్చి ఇవ్వాలా వద్దా అని నిలబడిపోయింది. చిన్నకోడలే చెయ్యి చాపి తీసుకుని తాగింది.

మరునాడు బిడ్డకు జ్వరం వచ్చింది, ఇంట్లో బయటపడింది. ఏం జరిగిందో తర్వాత ఆమె చెప్పగా విన్నాను. అత్త మైల పోవాలని ఈమెకు పేడనీళ్లతో తలంటు పోయించింది. మామ పుట్టింటికి పంపేస్తానన్నాడు. మొగుడు లేచి బయటికి పోయినాడంట. ఈమె అందరి ముందూ, ఇంకా రెండు సూదులున్నాయి, ఆ రెండుసార్లూ పోతానని చెప్పిందంట. పోయింది కూడా. రెండోసారి వాకిలి గడియ పెడితే గొడ్ల సావిడి వెనకనుంచి వచ్చింది. మూడోసారి గడియ పెట్టలేదు.

ఆ లోపల నన్ను బడి కొట్టంలో అడుగు పెట్టొద్దన్నారు, తర్వాత దానికి తాళమే వేసినారు, ఆ స్థలం రెడ్డిది కాబట్టి. నా మొగుణ్ణి బదిలీ చేయించాలని మిషనుకు అర్జీ పెట్టినారు. మిషనువాళ్లు అడిగితే ఆయన, నా భార్య మానుకోదు, కాబట్టి బదిలీ చేసేదయితే ఆమె లేని ఊరికి చేయండని రాసినాడు. ఆ ఉత్తరం రాసి నాకు చదివి వినిపించినప్పుడు నేను చాలాసేపు నవ్వినాను. బదిలీ రాలేదు.

మరుసటి వేసవి దగ్గు వచ్చింది. మొదట పైఊళ్లో, ఆ వెనకనే మా పేటలో. మూడు సూదులూ వేయించుకున్నవాళ్లలో నా కూతురికి వచ్చింది. వస్తూనే కొందరు నా ఇంటి ముందుకొచ్చి నిలబడినారు, చూసినావా అన్నట్టు. నేను దాన్ని చంకనేసుకుని పేటంతా తిరిగినాను. చూడండి, దగ్గుతోంది, కూత లేదు, కక్కు లేదు, ముఖం నల్లబడడం లేదు, చూడండి అని ఇల్లిల్లూ చూపినాను. రెండు వారాల్లో తగ్గిపోయింది. మిగతా ఐదుగురిలో ఎవరికీ రాలేదు. రెడ్డి చిన్నకోడలి బిడ్డకూ రాలేదు.

మా చిన్నమ్మ కూతురి కొడుక్కి వచ్చింది. రెండో వారానికి నెమ్ము చేరింది. నేను పగలంతా వాళ్లింట్లోనే ఉన్నాను. ఆసుపత్రికి తీసుకుపోదామని బండి మాట్లాడేలోపల వాడు పోయినాడు. ఆ తల్లి నా చెయ్యి పట్టుకుని, ఆ రెండూ వేయించి ఉంటే అనింది. నేను ఆమెను సమాధానపరచలేదు. నిన్ను వేయించుకోనీకుండా చేసింది ఎవరో నాకు తెలుసన్నాను. అది ఓదార్పు కాదు. నాకు ఆ క్షణాన చేతనైంది అంతే.

నాలుగు రోజులకు రెడ్డి ఇంటినుంచి చిన్నకోడలే పరుగున వచ్చింది. కాన్పుకు పుట్టింటికి వచ్చిన తన ఆడబిడ్డ, అంటే రెడ్డి కూతురు ఉంది, ఆమె నలభై రోజుల బిడ్డకు ఊపిరి ఆగిపోతోందని చెప్పింది. దగ్గుతోందా అని అడిగినాను. దగ్గు లేదనింది. మా పాపకూ దగ్గు లేదు. ఆమెతో పరుగెత్తినాను.

ఆ ఇంటి గడప దగ్గర చెప్పులు నేనే విప్పినాను, పసిబిడ్డ ఉన్న ఇల్లు కాబట్టి. నన్ను ఎవరూ ఆపలేదు. లోపల నాపరాళ్ల మీద చాపలో ఆ బిడ్డ పెదవులు నల్లబడి ఉంది. పక్కకు తిప్పి, వేలికి మెత్తని గుడ్డ చుట్టి గొంతులో కఫం తీసినాను. వీపు రాసినాను. నా నోరు బిడ్డ నోటి మీద పెట్టి మెల్లగా ఊదినాను. ముసలి రెడ్డెమ్మ, పేడనీళ్లు పోయించిన మనిషి, తలుపు పట్టుకుని చూస్తోంది. బిడ్డ గట్టిగా ఊపిరి లాగి ఏడ్చింది.

ఎనిమిది రోజులు పొద్దున పోయి పొద్దుగూకేదాకా ఉన్నాను. ఎట్లా పట్టుకోవాలో, ఎప్పుడు పాలు పట్టాలో చిన్నకోడలికీ ఆమె ఆడబిడ్డకూ నేర్పినాను. బిడ్డ దక్కింది. మా పాప దక్కలేదు, ఈ బిడ్డ దక్కింది. నేను ఆ రోజుల్లో ఈ రెండూ కలిపి ఆలోచించకుండా ఉండాలని చూసినాను, కుదరలేదు. ఆ ఇంటివాళ్ల మీద కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. కోపమున్న చేతులతోనే బిడ్డను ఎత్తుకున్నాను, మెత్తగానే ఎత్తుకున్నాను.

చివరి రోజు రెడ్డి నాతో మాట్లాడినాడు. ఆ దొరసాని మందు ఇంకా దొరుకుతుందా అని అడిగినాడు. దొరుకుతుందన్నాను. అయితే ఈసారి తెచ్చినప్పుడు తన ఇంటికి రమ్మనీ, ఊళ్లో పెద్దిళ్ల బిడ్డలందరినీ తన వసారాలోకి పిలిపిస్తాననీ, పేటవాళ్లకు పేటలో వేసుకోవచ్చనీ అన్నాడు. అది ఆయన లెక్కలో పెద్ద దిగిరావడమే. నేను కుండ మోయడం, ఆయన అరుగు కింద నిలబడడం, చిన్నమ్మ కూతురు తలుపు దగ్గర నిలబడి అడిగిన మాట, అన్నీ గుర్తొచ్చినాయి.

"మీ ఇంటికి రానయ్యా. బడి తెరిపించండి. అందరి బిడ్డలూ ఆడికే రావాల, ఎవురు ముందొస్తే వాళ్లకు ముందు. సూది వేయించుకున్నోళ్లను పనికి పిలవకుండా ఉండకూడదు. పోయిన ఏడు పిలవనందుకే మా చెల్లెలి కొడుకు సచ్చిపోయినాడు," అన్నాను.

వాడు చనిపోయినట్టు తనకు తెలియదన్నాడు ఆయన. ఇప్పుడు తెలిసింది కదయ్యా అన్నాను. లోపలినుంచి చిన్నకోడలు, బడికి నేను మా ఇంటి బిడ్డను తీసుకుపోతానని చెప్పింది. ఆయన కండువా దులుపుకుని లోపలికి పోయినాడు.

నాలుగు రోజుల తర్వాత బడి తాళంచెవి నా మొగుడి చేతికి వచ్చింది.

స్వరాజ్యం వచ్చిన ఏడది. బడి గోడకు ఎవరో కట్టిన కాగితం జెండాలు వానకు నాని రంగు దిగినాయి. నేను కుండ తెచ్చి బల్ల మీద పెట్టేసరికి మా పేట ఆడవాళ్లు ముందే వచ్చి వరసలో కూర్చున్నారు. ఊరివాళ్లు బయట వేపచెట్టు కింద గుంపుగా నిలబడి, లోపలికి రావాలా వద్దా అని ఒకరినొకరు చూసుకుంటున్నారు. కొందరు ఆ వరస చూసి వెనక్కి పోయినారు. వాళ్లలో ఒకామె, నువ్వు మా అరుగు మీదికొచ్చి వేస్తే వేయించుకుంటా, ఈ వరసలో కూచోనని నా ముఖం మీదే చెప్పింది. అయితే వద్దులేమ్మా అన్నాను. ఆమె బిడ్డను చూస్తే నాకు బాధేసింది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఆమె మరుసటి నెల వచ్చింది.

చిన్నకోడలు రెడ్డి కూతురైన తన ఆడబిడ్డనూ, ఆమెకు దక్కిన ఆ పసిదాన్నీ వెంటబెట్టుకుని వచ్చి, మా చిన్నమ్మ కూతురి వెనక కూర్చుంది. మా చిన్నమ్మ కూతురు మళ్లీ కడుపుతో ఉండింది, ఒళ్లో బిడ్డ లేదు. ఏంటికి వచ్చినావని అడిగినాను. సూది ఎట్ల వేస్తావో చూసేదానికి వచ్చినా, వచ్చే ఏడు నా బిడ్డకు నేనే గుర్తుపెట్టుకుని మూడుసార్లు తెస్తా అనింది. ఇప్పటినుంచే వరసలో కూర్చుంటానంది. కూర్చోమన్నాను.

నేను సీసా చేతికి తీసుకుని అడుగున పేరుకున్నది పైకి లేచేదాకా కదిలించి, మొదటి బిడ్డను దగ్గరికి తెమ్మన్నాను.